రుజువు ఎవరి కోసం?

2015 వేసవిలో ఒకనాటి ఉదయం తెనాలి నుంచి మా బాబాయి ఫోను చేశారు. కుశలప్రశ్నలు అయిన తరువాత అసలు సంగతికి వచ్చారు. “అమ్మాయి ఏదో ఆరెగాన్ వెళ్తుందటరా. రెండు వారాలు అక్కడే హాస్టల్లో ఉండి తర్కం నేర్చుకుంటుందట. మన ఇంట్లో తర్కానికి కొదవేముంది? మీ పిన్నిని అడిగితే ఉచితంగా నేర్పుతుంది గదా” అన్నారు. మేము నవ్వాము. ఆయన కూడా నవ్వారు. కాని ఫోను పెట్టేసే ముందు మాత్రం నవ్వకుండా ఒక మాట అడిగారు: “ఇంతకీ ఆ చదువు ఎవరికి పనికొస్తుందిరా?”

మేము వెంటనే జవాబు చెప్పలేకపోయాము. డాక్టరు చదువు ఎవరికి పనికొస్తుందని మమ్మల్ని ఎవరూ ఎన్నడూ అడగలేదు. ఈ పత్రిక చదివే కుటుంబాలలో ఎక్కువమంది డాక్టర్లు, ఇంజనీర్లు, అధ్యాపకులు. మన వృత్తుల ప్రయోజనం ముఖం మీదే రాసి ఉంటుంది. గణిత తర్కశాస్త్రం అటువంటిది కాదు. ఆనాడు బాబాయికి “ఏదో పరిశోధనకు పనికొస్తుంది లెండి” అని చెప్పి తప్పించుకొన్నాము. ఆ జవాబు అప్పటికీ ఇప్పటికీ మాకే నచ్చలేదు. ఇన్నేళ్ళ తరువాత కాస్త నచ్చిన జవాబు ఒకటి దొరికింది. అది మా వృత్తిలో మేము చేసిన ఒక తప్పు ద్వారా దొరికింది కనుక, ఆ తప్పును కూడా దాచకుండా చెప్పవలసి ఉన్నది.

ముందు ఆ వేసవి బడి సంగతి. పసిఫిక్ తీరపు రాష్ట్రమైన ఆరెగాన్‌లో యూజీన్ అనే పట్టణం ఉన్నది. అక్కడి విశ్వవిద్యాలయంలో కొన్నేళ్ళుగా వేసవిలో ఇటువంటి పాఠశాల నడుపుతూ వచ్చారు. దేశదేశాల నుంచి డాక్టరేటు చేస్తున్న పిల్లలూ, అప్పుడే చేసి ముగించినవారూ వస్తారు. పగలంతా ఉపన్యాసాలు. రాత్రిళ్ళు విద్యార్థుల వసతి గృహంలోనే బస. ఒకే చోట తిండి, ఒకే చోట వాదన. పరీక్షలు లేవు, మార్కులు లేవు. అక్కడ చెప్పే పాఠాలన్నీ రెండు ప్రశ్నల చుట్టూ తిరుగుతాయట: రుజువు అంటే ఏమిటి? కంప్యూటరుకు మనం రాసి ఇచ్చే ప్రోగ్రాము తప్పు చేయదని ఎట్లా తెలుస్తుంది?

ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. జర్మనీలో, బవేరియా దక్షిణాన, మార్క్టోబెర్డోర్ఫ్ అనే చిన్న ఊరు ఉన్నది. మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయానికి చెందిన ఫ్రీడ్రిచ్ బవర్ 1970లో అక్కడ ఇటువంటి వేసవి పాఠశాల మొదలుపెట్టారు. ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా, టోనీ హోర్ వంటి మహామహులు అక్కడ పాఠాలు చెప్పారు. ఒక ప్రోగ్రామును ఎన్నిసార్లు నడిపి చూసినా, తప్పు ఉంటే ఉన్నదని తెలియవచ్చునే గాని, తప్పు లేదని మాత్రం తేలదని డైక్‌స్ట్రా పదేపదే హెచ్చరించేవారు. తప్పు లేదని తేలాలంటే రుజువు కావాలి. మన దేశంలో కూడా తర్కశాస్త్రానికి ఇటువంటి పాఠశాలలు నడిచాయి. 2010 జనవరిలో హైదరాబాదు విశ్వవిద్యాలయంలో జరిగింది అందులో ఒకటి.

మా చెల్లెలు యూజీన్ నుంచి తిరిగి వెళ్ళేటప్పుడు దారిలో మా ఇంట్లో నాలుగు రోజులు ఉన్నది. మా శ్రీమతి పప్పుచారు కాస్తూ, “రెండు వారాలు అంతమంది కలిసి ఒకచోట ఉండడం దేనికి? పుస్తకాలు చదువుకొంటే సరిపోదా?” అని అడిగింది. “సరిపోదు వదినా” అన్నది మా చెల్లెలు. “నాకు అర్థమైందని నేను అనుకుంటాను. పక్కనున్న అమ్మాయికి చెప్పడం మొదలుపెడతాను. మూడో వాక్యం దగ్గర ఆ అమ్మాయి ‘ఆగు, ఇది ఎట్లా వచ్చింది?’ అంటుంది. అప్పుడు తెలుస్తుంది, నాకు అర్థం కాలేదని. ఆ ‘ఆగు’ అనే మనిషి పుస్తకంలో ఉండదు.”

తరువాత ఒక ముచ్చట చెప్పింది. ఒక పెద్ద ప్రొఫెసరు బోర్డు మీద రుజువు రాస్తున్నారట. ఆ రంగంలో ఆయన మాట వేదం. వెనుక వరుసలో కూర్చున్న ఇరవై రెండేళ్ళ కుర్రవాడు చెయ్యెత్తి, “మూడో పంక్తి నుంచి నాలుగో పంక్తి ఎట్లా వచ్చిందో నాకు కనబడలేదు” అన్నాడు. ఆయన చిరాకు పడలేదు, కుర్రవాడి అజ్ఞానానికి నవ్వలేదు. వెనక్కి వచ్చి, ఆ రెండు పంక్తుల నడుమ మరి రెండు పంక్తులు రాసి, “ఇప్పుడు?” అని అడిగారట. కుర్రవాడు తల ఊపిన తరువాతే ముందుకు సాగారు. “అక్కడ అది మర్యాద అన్నయ్యా. అర్థం కానివాడికి ఆపే హక్కు ఉంటుంది. చెప్పేవాడు ఎంత పెద్దవాడైనా ఆగాలి” అన్నది.

మాకు ఆ మాట ఎక్కడో తగిలింది. మేము చదువుకొన్న వైద్య కళాశాలలో ఆపే హక్కు ఎవరికీ లేదు. పెద్ద డాక్టరు గారు వార్డులో నడుస్తూ ఉంటే వెనుక మేము నడిచేవారము. ఆయన “ఇది ఇది” అంటే అది అదే. ఇక్కడికి వచ్చిన తరువాత కూడా, పైకి పేర్లు పెట్టి పిలుచుకొన్నా, లోపల వ్యవహారం అంతకంటే పెద్దగా మారలేదు.

ఆ రాత్రి మా చెల్లెలితో మాట్లాడుతూ, చిన్నప్పుడు మా తాతగారి నోట విన్న తర్కసంగ్రహం గుర్తు చేసుకొన్నాము. ఆంధ్రదేశీయుడని పండితులు చెప్పే అన్నంభట్టు పదిహేడవ శతాబ్దిలో రాసిన చిన్న పుస్తకం అది. న్యాయశాస్త్రంలో అడుగుపెట్టే పిల్లలకు మొదటి వాచకం. అందులో కొండ మీది పొగ ఉదాహరణ మనలో చాలామంది వినే ఉంటారు. కొండ మీద నిప్పున్నది, పొగ కనబడుతున్నది కనుక, పొగ ఉన్నచోటల్లా నిప్పుంటుంది, వంటింట్లో వలె, ఈ కొండ మీద కూడా అటువంటి పొగే ఉన్నది, కనుక నిప్పున్నది. ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ, ఉపనయం, నిగమనం అని ఇవి ఐదు అవయవాలు.

మేము మరచిపోయిన సంగతి ఒకటి ఆ పుస్తకంలోనే ఉన్నది. అనుమానం రెండు విధాలని అన్నంభట్టు చెబుతాడు. తన కోసం చేసుకొనేది స్వార్థానుమానం. ఇతరుల కోసం చేసేది పరార్థానుమానం. పొగను చూచి నిప్పున్నదని తనకు తాను తెలిసికొనేవాడికి ఐదు అవయవాలూ అక్కరలేదు. పొగ చూశాడు, వంటిల్లు గుర్తు వచ్చింది, తెలిసిపోయింది. ఐదు మెట్లూ అవసరమయ్యేది పక్కవాడికి తెలియజెప్పవలసి వచ్చినప్పుడు. ‘స్వార్థం’ అనే మాటకు మనం ఇప్పుడు వాడే చెడ్డ అర్థం అక్కడ లేదు. తన కోసం అని మాత్రమే అర్థం. కాని ఆ రాత్రి మాకు రెండు అర్థాలూ ఒక్కసారే వినిపించాయి. దానికి కారణం ఉన్నది.

అంతకు ముందు ఏడాది చలికాలంలో, మేము రెసిడెంటుగా శిక్షణలో ఉన్న రోజులలో, ఒక రాత్రి డెబ్బై దాటిన పెద్దాయన మూత్రంలో మంటతో, కొద్ది జ్వరంతో వచ్చాడు. వడ్రంగం చేసి రిటైరైన మనిషి. గుండె లయ తప్పి కొట్టుకొనే జబ్బు ఉన్నందువల్ల, రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ అనే మాత్ర రోజూ వేసికొంటున్నాడు. మేము అతనికి ఒక సల్ఫా మందు రాశాము. కంప్యూటరు తెర మీద హెచ్చరిక వచ్చింది: ఈ రెండు మందులు కలిస్తే రక్తస్రావం కావచ్చును. నిజమే. ఆ సంగతి మాకు తెలుసు. వైద్య విద్యార్థులందరికీ తెలుసు. కాని ఆ రాత్రి అటువంటి హెచ్చరికలు ఒకదాని తరువాత ఒకటి వస్తూనే ఉన్నాయి. వాటిలో చాలావాటికి అర్థం లేదు. కనిపించగానే మీట నొక్కి దాటిపోవడం మా వేలికి అలవాటైపోయింది. వేలు నొక్కింది. మందు వెళ్ళింది.

ఆరు రోజుల తరువాత పెద్దాయన కడుపులో రక్తస్రావంతో తిరిగి వచ్చాడు. నాలుగు సీసాల రక్తం ఎక్కించారు. బ్రతికాడు. అది అతని అదృష్టం, మా అదృష్టం.

అతని కూతురు మమ్మల్ని నడవలో ఆపి అడిగింది: “ఇది ఎందుకు జరిగింది?” అంతకు ముందే మా పై డాక్టరు మమ్మల్ని పక్కకు పిలిచి, ఎక్కువ మాట్లాడవద్దనీ, కోర్టు వ్యవహారాలు మనకెందుకనీ చెప్పి ఉన్నారు. మేము ఆమెతో, “ఈ వయస్సులో వార్ఫరిన్ వేసికొనేవారికి ఇటువంటివి అప్పుడప్పుడు జరుగుతుంటాయి” అన్నాము. అందులో ఏ మాటా అబద్ధం కాదు. మొత్తం కలిపితే అబద్ధం. ఆమె “అట్లాగా” అని ఊరుకొన్నది. ఆపే హక్కు తనకు ఉన్నదని ఆమెకు తెలియదు. ఉన్నదని మేము చెప్పలేదు.

మేము చేసిన తప్పులు రెండు. మీట నొక్కడం మొదటిది. అలసిన మనిషి చేసే పొరపాటని దానికి కొంత క్షమాపణ దొరకవచ్చును. రెండవది అట్లాంటిది కాదు. మా దగ్గర పూర్తి అనుమానం ఉన్నది: ఈ మందు, ఆ మందు, వాటి కలయిక, రక్తం. మెట్టు మెట్టూ తెలుసు. తెలిసి, మా కోసం ఉంచుకొన్నాము. ఆమెకు కొండను మాత్రం చూపించి, పొగను దాచాము.

ఈ సంగతి మా చెల్లెలికి చెప్పినప్పుడు ఆమె వెంటనే ఏమీ అనలేదు. తన బడిలో ఒక సాయంత్రం మాటల మధ్య వచ్చిన యంత్రం కథ చెప్పింది. వైద్యులమై ఉండి ఆ కథ మాకు పైపైన మాత్రమే తెలిసి ఉండడం సిగ్గు అనిపించి, తరువాత వివరంగా చదివాము.

థెరాక్-25 అనేది కాన్సరు రోగులకు రేడియేషన్ ఇచ్చే యంత్రం. కెనడాలో తయారైనది. 1985 నుంచి 1987 దాకా అమెరికాలోనూ కెనడాలోనూ ఆరుగురు రోగులకు అది ఇవ్వవలసిన దానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ రేడియేషన్ ఇచ్చింది. వారిలో కొందరు చనిపోయారు. దానికి ముందు వచ్చిన నమూనాలలో, మోతాదు మించితే ఆపే తాళాలు యంత్రం లోపల విడిగా ఉండేవి. కొత్త నమూనాలో వాటిని తీసివేసి, ఆ పనిని ప్రోగ్రాముకు అప్పగించారు. నడిపే మనిషి ఎక్స్‌రే అని పొరపాటున కొట్టి, వెంటనే ఎలక్ట్రాన్ అని దిద్ది, చకచకా ముందుకు పోతే, ఆ కొద్ది క్షణాలలో ప్రోగ్రాములో ఒక భాగానికి ఆ దిద్దుబాటు తెలియదు. నెమ్మదిగా పనిచేసేవారి చేతిలో అది ఏ తప్పూ చేయదు. చేయి తిరిగినవారి చేతిలోనే చేస్తుంది. టెక్సస్‌లో ఒక ఆసుపత్రి భౌతిక శాస్త్రవేత్త, ఆ యంత్రాన్ని నడిపే ఉద్యోగినితో కూర్చొని, అదే వేగంతో మళ్ళీ మళ్ళీ కొట్టి చూచి 1986లో ఆ తప్పును పట్టుకొన్నారు.

మా గుండె ఆగినంత పని చేసినవి ఆ కథలో రెండు చిన్న వివరాలు. యంత్రం తెర మీద ‘మాల్‌ఫంక్షన్ 54’ అని చూపించేది. దాని అర్థం ఎవరికీ సరిగా తెలియదు. అటువంటి సంకేతాలు రోజూ వచ్చేవి కనుక, ‘ముందుకు సాగు’ అనే మీట నొక్కడం అక్కడి వారికి అలవాటు. ఆ వేలు మాకు బాగా తెలిసిన వేలు. రెండవది: మొదటి ప్రమాదంలో, 1985లో, చికిత్స బల్ల మీదే ఒకామె తనను కాల్చేశారని చెప్పింది. అటువంటిది సాధ్యం కాదని ఆమెకు జవాబు వచ్చింది. యంత్రం చేసినవారు కూడా సాధ్యం కాదనే అన్నారు. రుజువు లేకుండానే ‘సాధ్యం కాదు’ అన్నారు. రుజువు ఆమె ఒంటి మీద ఉన్నది.

బాబాయి అడిగిన ప్రశ్నకు జవాబు మాకు ఇక్కడ మొదటిసారి కనిపించింది. ఆ చదువు ఎవరికి పనికొస్తుంది? ఆ బల్ల మీద పడుకొన్న ఆమెకు. ప్రోగ్రాము తప్పు చేయదని చెప్పేవాడు, చెప్పి ఊరుకోకుండా, మెట్టు మెట్టుగా చూపించాలి. చూపించలేకపోతే ఆ మాట అనకూడదు. ఆ పిల్లలు రెండు వారాలు ఒకచోట కూర్చొని నేర్చుకొనే క్రమశిక్షణ ఇదే.

అటువంటి క్రమశిక్షణను తన మీద తానే విధించుకొన్న ఒక గణితవేత్త ఉన్నారు. అంగడిలో బత్తాయిలు పేర్చే విధానం మనమంతా చూచినదే. కింద ఒక వరుస, ఆ సందులలో పై వరుస. ఒకే సైజు గోళాలను ఇంతకంటే దగ్గరగా పేర్చడం వీలుకాదని కెప్లర్ 1611లో అన్నాడు. ఎవరూ రుజువు చేయలేకపోయారు. 1998లో టామస్ హేల్స్ రుజువు తెచ్చారు. వందల పుటలు, దానికి తోడు కంప్యూటరు చేసిన బోలెడన్ని లెక్కలు. పన్నెండుమంది పరీక్షకులు ఏళ్ళ తరబడి చూచి, 99 శాతం నమ్మకం ఉన్నది గాని పూర్తిగా సరిచూడడం తమ వల్ల కాదన్నారు. అయినా అది 2005లో అచ్చయింది. పేరు వచ్చింది. మరొకరయితే అక్కడితో ఊరుకొందురు. హేల్స్ ఊరుకోలేదు. రుజువులో ఒక్కొక్క మెట్టునూ యంత్రం సరిచూసే విధంగా మొత్తం తిరగరాయడానికి 2003లోనే పూనుకొన్నారు. ఎందరో సాయం చేశారు. 2014 ఆగస్టులో ఆ పని పూర్తయింది.

ఆ మిగిలిన ఒక్క శాతం కోసం పదకొండేళ్ళు! ఇది చాదస్తమని కొందరనవచ్చును. మాకు మాత్రం అది బాకీ తీర్చడంలాగా కనిపించింది. ‘నన్ను నమ్మండి’ అని అనగల స్థితిలో ఉండి కూడా, ‘నన్ను నమ్మనక్కరలేదు, మీరే చూడండి’ అనగలగడానికి ఆయన అంత కాలం ఖర్చు పెట్టారు.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావడం న్యాయమే. వైద్యం గణితం కాదు. రాత్రి రెండు గంటలకు ఊపిరి అందని మనిషికి ఐదు అవయవాల అనుమానం వినిపిస్తూ కూర్చొంటే మనిషి దక్కడు. పైగా మా వృత్తిలో చాలా సంగతులకు అసలు రుజువే లేదు. ఈ మందు పదిమందిలో ఏడుగురికి పని చేస్తుందని తెలిసినా, ఎదుట కూర్చొన్న మనిషి ఆ ఏడుగురిలోనివాడా, ముగ్గురిలోనివాడా అని చెప్పలేము. అటువంటి చోట రుజువు అడగడం వేపచెట్టును మామిడిపండు అడగడమే కదా?

ఈ మాటే మేము మా చెల్లెలితో అన్నాము. ఆమె ఒక కాగితం తీసికొని, తమ శాస్త్రానికి పునాది ‘తెలియదు’ అనే మాట మీదే పడిందని చెప్పింది. 1928లో డేవిడ్ హిల్బర్ట్ ఒక ప్రశ్న వేశాడు: ఏ గణిత వాక్యాన్ని ఇచ్చినా అది నిరూపించదగినదా కాదా అని తేల్చి చెప్పే యాంత్రిక పద్ధతి ఉన్నదా? ఉంటుందనే ఆయన నమ్మకం. 1936లో అమెరికాలో అలొంజో చర్చ్, ఇంగ్లండులో అప్పటికి పాతికేళ్ళు కూడా నిండని అలన్ ట్యూరింగ్ విడివిడిగా జవాబు చెప్పారు: లేదు, ఉండదు.

ట్యూరింగ్ దారిని తరువాతివారు తేలిక చేసి చెప్పే పద్ధతి ఇది. ఏ ప్రోగ్రామునిచ్చినా అది ఎప్పటికైనా ఆగుతుందా, ఆగకుండా తిరుగుతూనే ఉంటుందా అని తప్పకుండా చెప్పగల జోస్యుడు ఒకడు ఉన్నాడనుకొందాము. అప్పుడు ఒక మొండి ప్రోగ్రామును రాస్తాము. అది ముందుగా జోస్యుడి దగ్గరకు పోయి తన సంగతే అడుగుతుంది. ‘నీవు ఆగుతావు’ అంటే ఆగకుండా తిరుగుతుంది. ‘ఆగవు’ అంటే వెంటనే ఆగుతుంది. జోస్యుడు ఏది చెప్పినా తప్పే. కనుక అటువంటి జోస్యుడు లేడు. మా ఇంట్లో పదేళ్ళ పిల్లవాడికి కూడా ఇది అర్థమైంది. వాడు ఆ మొండి ప్రోగ్రామును ఒక పూట అనుకరించి వాళ్ళ అమ్మను విసిగించాడు కూడా.

మా చెల్లెలు చెప్పదలచింది ఇది. ట్యూరింగ్ ‘నాకు తెలియదు’ అని చేతులెత్తేయలేదు. ‘ఇది తెలియరాదు, ఎందుకు తెలియరాదో ఇదిగో చూడండి’ అన్నాడు. తెలిసినదానికి రుజువు ఇవ్వడం ఎంత అవసరమో, తెలియనిదానికి హద్దు గీసి చూపడం అంతే అవసరం. ఇది విన్న తరువాత మా ఆక్షేపణ మాకే తేలికగా కనిపించింది. వైద్యుడు గణితవేత్త వలె ఖండితంగా చెప్పలేడు, నిజమే. కాని ‘ఇంతవరకు తెలుసు, ఇందువల్ల తెలుసు, ఇక్కడి నుంచి తెలియదు, ఇందువల్ల తెలియదు’ అని చెప్పగలడు. అది చెప్పకుండా, తెలియనిచోట గంభీరంగా మౌనం వహించి, తెలిసినచోట కూడా అదే మౌనంతో తప్పించుకోవడమే మేము చేస్తూ వచ్చిన పని. రోగికి రెండు మౌనాలూ ఒకటిగానే వినిపిస్తాయి.

ఇంకొక ఆక్షేపణ దీనికంటే బలమైనది. అందరూ రుజువు కోరరు. మన పెద్దవాళ్ళలో ఎందరో “నాకేమీ చెప్పకు నాయనా, ఏం చేయాలో నువ్వే చేయి” అంటారు. అది అజ్ఞానం కాదు; భయంతో అలసిన మనిషి మరొకరి భుజం మీద తల వాల్చడం. అటువంటివారి ముందు శాతాలు, అవకాశాలు ఏకరువు పెట్టడం క్రూరత్వం. ఈ ఆక్షేపణకు మా దగ్గర పూర్తి సమాధానం లేదు. ఒక్కటి మాత్రం అనుకొంటాము: వినకుండా ఉండే హక్కు వారిది, చెప్పకుండా ఉండే హక్కు మాది కాదు. మా దగ్గర ఐదు అవయవాలూ సిద్ధంగా ఉండాలి. అడిగిన నాడు తీసి ఇవ్వాలి. ఎవరూ అడగరన్న ధైర్యంతో వాటిని కూర్చుకోకపోవడం వేరు, వినదలచనివారికి వినిపించకపోవడం వేరు.

ఇప్పుడు ఆసుపత్రులలో మరొక కొత్త సంగతి వచ్చింది. రోగి పరిస్థితి విషమించబోతున్నదని అంకె రూపంలో ముందుగా హెచ్చరించే ప్రోగ్రాములు వచ్చాయి. వేలాది పాత రోగుల వివరాలు చూచి నేర్చుకొన్నవి అవి. కొన్ని బాగానే పనిచేస్తాయి. కాని ‘ఎందుకు?’ అని అడిగితే చాలావాటి దగ్గర మనిషికి అర్థమయ్యే జవాబు ఉండదు. అంకెను చూచి మేము మందు రాస్తాము. రోగి బంధువు ‘ఎందుకు?’ అంటే ‘కంప్యూటరు చెప్పింది’ అంటాము. వెనకటి వార్డులో ‘పెద్ద డాక్టరు గారు చెప్పారు’ అన్నట్టే. పెద్దాయన కుర్చీలో యంత్రం కూర్చున్నది, మిగిలినదంతా మామూలే. ఈ రోజులలో, ‘మూడో పంక్తి నుంచి నాలుగో పంక్తి ఎట్లా వచ్చింది?’ అని చెయ్యెత్తడం అలవాటైన పిల్లలు కొందరు ఉండడం ఎంత అవసరమో వేరే చెప్పనక్కరలేదు.

మా చెల్లెలు వెళ్ళిపోయే రోజు ఉదయం, కారులో పెట్టె పెడుతూ అడిగింది: “అన్నయ్యా, ఆ పెద్దాయన కూతురికి ఇప్పుడైనా చెప్పవచ్చు గదా?”

రెండు నెలలు వాయిదా వేశాము. చివరకు ఆ శరదృతువులో ఒక ఆదివారం ఆమెకు ఫోను చేశాము. పేరు చెప్పుకొని, ఫలానా రాత్రి ఫలానా మందు రాసింది మేమేననీ, తెర మీద హెచ్చరిక వచ్చినా దాటిపోయామనీ, ఆ రెండు మందుల కలయిక వల్లనే రక్తస్రావం జరిగిందనీ, నడవలో ఆమె అడిగినప్పుడు ఆ సంగతి తెలిసీ చెప్పలేదనీ, మెట్టు మెట్టుగా చెప్పాము. కేకలు వేస్తుందనుకొన్నాము. కోర్టు పేరెత్తుతుందనుకొన్నాము. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత మెల్లగా, “నాన్న మాత్రలు డబ్బాలో సర్దేది నేనే. ఆ వారం వార్ఫరిన్ రెండుసార్లు వేశానేమోనని ఇన్నాళ్ళూ అనుకుంటున్నాను” అన్నది.

మేము దాచిన రుజువు ఖాళీగా మిగలలేదు. ఆ ఖాళీలో ఆమె తన సొంత రుజువు ఒకటి కట్టుకొన్నది. ప్రతిజ్ఞ, హేతువు, అన్నీ ఉన్నాయి. దోషి మాత్రం తానే. దాదాపు ఏడాది పాటు ఆ దోషంతో తండ్రికి రోజూ మాత్రలు లెక్కపెట్టి ఇచ్చింది. మేము మా కోసం ఉంచుకొన్న నాలుగు మాటల ఖరీదు అది.

ఇది రాస్తున్నప్పుడు మన ఇళ్ళ సంగతి కూడా గుర్తు రాక తప్పదు. దేశం కాని దేశంలో పిల్లలను పెంచుతున్నాము. ‘ఎందుకు?’ అని వాళ్ళు అడిగితే మనలో చాలామందికి అది పెంకితనంగా వినిపిస్తుంది. “మేం చెప్పాం కాబట్టి” అంటాము. మా ఇంట్లోనూ ఆ మాట వినబడుతూనే ఉంటుంది. పూజ ఎందుకు చేయాలి, తెలుగు ఎందుకు నేర్చుకోవాలి, ఫలానా వారితో పెళ్ళి ఎందుకు కూడదు అని అడిగినప్పుడు, మన దగ్గర హేతువు ఉంటే తీసి చూపిద్దాము. లేకపోతే, ‘ఇది మాకు అలవాటు, ఇష్టం, ఇంతకు మించి కారణం మాకు తెలియదు’ అని ఒప్పుకొందాము. అట్లా ఒప్పుకొన్నందువల్ల పెద్దరికం పోతుందని మాకు భయం ఉన్నమాట నిజమే. ఆరెగాన్‌లో ఆ పెద్ద ప్రొఫెసరు గారికి మాత్రం పోయినట్టు లేదు.

కిందటి సంక్రాంతికి తెనాలి వెళ్ళినప్పుడు బాబాయికి ఈ కథంతా చెప్పాము. ఆయన ఓపికగా విన్నారు. మధ్యలో ఒకచోట చెయ్యి అడ్డం పెట్టి, “ఆగరా. ఆ మొండి ప్రోగ్రాము సంగతి మళ్ళీ చెప్పు. అది తన గురించి తానే ఎట్లా అడుగుతుంది?” అన్నారు. మేము ఆగి, మొదటి నుంచి మళ్ళీ చెప్పాము.